టీవీలో రాజకీయం చదువులోకి రావాలి

బెల్లంపల్లి: రాత్రి షిఫ్టు దిగి ఇంటికొచ్చిన బొగ్గుబాయి కార్మికుడు చాయ్ గ్లాసు చేతబట్టుకుని మొదట చేసే పని టీవీ పెట్టడం. తెరమీద నలుగురు నాయకులు ఒకరి మాట ఒకరిని విననీయకుండా అరుచుకుంటుంటారు. పక్క గదిలో ఆయన బిడ్డ సార్వత్రిక విశ్వవిద్యాలయం వారి రాజనీతి శాస్త్రం పుస్తకం ముందేసుకుని సార్వభౌమాధికారం అంటే ఏమిటో బట్టీ పడుతుంటుంది. రెండూ రాజకీయాలే. కాని ఒకదానితో ఒకటికి సంబంధం లేనట్టు గోడకు అటొకటి, ఇటొకటి నడుస్తున్నాయి.

దూరవిద్యలో డిగ్రీ చదివేవారికి రాజకీయాలు, టెలివిజన్ అన్న విషయం మీద ఒక పూర్తి పేపరు వుండాలి. దాన్ని టీవీ ద్వారానే బోధించాలి. ఎన్నికలు, పార్టీలు, ప్రజాభిప్రాయం వంటి అధ్యాయాలు రాజనీతి పుస్తకాల్లో ఎప్పుడూ వుండేవే. ఆ ప్రజాభిప్రాయాన్ని ప్రతి రాత్రీ తయారు చేస్తున్న పెట్టె మాత్రం ఇంటి నడిమిట్లో వున్నది.

ఇదేమీ గొంతెమ్మ కోరిక కాదు. సార్వత్రిక విశ్వవిద్యాలయాన్ని నిలబెట్టిన పెద్దమనిషి రాజనీతి చదువులోంచి వచ్చినవారే. పాత కరీంనగర్ జిల్లాలో పుట్టిన ప్రొఫెసర్ జి. రాంరెడ్డి పంచాయతీరాజ్ మీద పరిశోధన చేశారు. ఉస్మానియాకు వైస్ ఛాన్సలర్‌గా పనిచేశారు. 1982 ఆగస్టులో హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం మొదలైనపుడు తొలి వైస్ ఛాన్సలర్ ఆయనే. దేశంలో అటువంటిది అదే మొదటిది. 1991లో దానికి అంబేద్కర్ పేరు పెట్టారు. ఇంటర్ పాసు కానివాడు కూడా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే దారిని అది మొదట్లోనే తెరిచింది. బాయి పనికి పోయే యువకులకు, పెళ్ళితో చదువు ఆగిన ఆడపిల్లలకు ఆ దారి ఎంత పనికొచ్చిందో ఈ ప్రాంతంలో ఎవరినడిగినా చెబుతారు.

ఇంగ్లండులో ఓపెన్ యూనివర్శిటీ 1971లో మొదటి విద్యార్థులను చేర్చుకున్న నాటినుంచే బి.బి.సి. టీవీలో పాఠాలు చెప్పించింది. మన దగ్గర అచ్చు పుస్తకాలు, రేడియో పాఠాలు, ఆదివారం తరగతులతో నడిచింది. తర్వాత టీవీ పాఠాలూ వచ్చాయి.

పల్లెకు టీవీతో పాఠం చెప్పటం అంతకన్నా పాత సంగతి. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 వరకు, అమెరికా నుంచి ఏడాదికి అరువు తెచ్చిన ఉపగ్రహంతో ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 పల్లెలకు టీవీ చూపించారు. ఆంధ్రప్రదేశ్ పల్లెలు కూడా అందులో వున్నాయి. కోళ్ళగూటి జాలీ వంటి ఇనుప జాలీతో చేసిన పెద్ద గొడుగు ఏంటెన్నా కింద ఊరంతా కూచుని చూసేవారు. పొద్దున బడిపిల్లలకు పాఠాలు, సాయంత్రం పెద్దలకు సేద్యం, ఆరోగ్యం. గడువు తీరగానే ఉపగ్రహం తరలిపోయింది. చాలా ఊళ్ళలో పెట్టెలు మూగబోయాయి.

ఆ ఏడాది పొడుగునా దేశంలో ఎమర్జెన్సీ వుండినది. పత్రికల మీద సెన్సారు. టీవీ ప్రభుత్వానిదే. ఎరువు ఎంత వేయాలో చెప్పిన తెర, జైళ్ళలో ఎవరెవరున్నారో చెప్పలేదు. ఆ పేపరుకు ఇదే మొదటి పాఠం కాదగును.

రెండో పాఠానికి దూరం పోనక్కరలేదు. ఎన్నికల్లో గుర్తింపు పొందిన పార్టీలకు ఆకాశవాణి, దూరదర్శన్‌లో మాట్లాడే సమయం ఇచ్చే పద్ధతి 1977లో మొదలయింది. 1983లో ఎన్.టి. రామారావు గెలిచింది మాత్రం టీవీ ఎక్కి కాదు, వ్యాను ఎక్కి. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లో తీర్పు చెప్పింది. ఆ కేసు పుట్టింది క్రికెట్ ఆట ప్రసారం దగ్గర కావటం ఒక విచిత్రం. తర్వాత ప్రైవేటు చానెళ్ళు వచ్చాయి, పార్టీల మనుషుల చానెళ్ళూ వచ్చాయి. ఒకే సభను ఒక చానెల్‌లో చూస్తే జనసంద్రం, మరో చానెల్‌లో చూస్తే ఖాళీ కుర్చీలు.

2014 ఫిబ్రవరి 18ని బెల్లంపల్లి మరచిపోగలదా! లోక్‌సభలో తెలంగాణ బిల్లు ఆమోదం పొందుతున్న వేళ ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయింది. 2011 సకల జనుల సమ్మెలో బొగ్గు తవ్వటం ఆపి కూచున్న కార్మికులకు, తాము కొట్లాడిన బిల్లు పాసయ్యేది కళ్ళారా చూసే భాగ్యం లేకపోయింది. సాంకేతిక లోపమని పైవారు చెప్పారు. కావాలనే ఆపారని ప్రతిపక్షం ఆరోపించింది. ఎవరి మాట ఎంతవరకు నిలుస్తుందో విద్యార్థులు కూచుని తర్కించుకోవటానికి ఇంతకన్నా మంచి ప్రశ్న ఏ పుస్తకంలో దొరుకుతుంది?

బోధన కూడా కష్టం కాదు. విద్యార్థి వారం రోజులు ఒకే వార్తను రెండు చానెళ్ళలో చూసి నోటుబుక్కులో రాయాలి. ఎవరికి ఎన్ని నిమిషాలిచ్చారు, ఎవరిని మధ్యలో ఆపేశారు, ఏ ఊరి పేరే రాలేదు అన్నవి రాస్తే చాలు. ఇంట్లో టీవీ లేనివారికి పంచాయతీ ఆఫీసులో చూసే ఏర్పాటు చేయవచ్చు. సెల్‌ఫోనులో వచ్చే ముక్కలనూ ఇందులోకే చేర్చాలి. ముసలివారు సైతం ఇప్పుడు వాటినే నిజమనుకుంటున్నారు.

చిక్కు మరోచోట వున్నది. విశ్వవిద్యాలయం ప్రభుత్వానిది, పాఠాలు ప్రసారం చేసే టీ-శాట్ ప్రభుత్వానిది. ప్రభుత్వం టీవీని ఎలా వాడుకుంటుందో ప్రభుత్వ తెరమీద కూచుని చెప్పటానికి ఏ మేష్టారికి ధైర్యం చాలుతుంది? అందుకే పాఠ్యాంశాలను విశ్వవిద్యాలయం పండితులే ఖాయం చేయాలి, సచివాలయం కాదు. ఏ పార్టీ ఏలుబడి వచ్చినా ఒక్క అధ్యాయం తీసేయకుండా కట్టుదిట్టం వుండాలి. పైగా టీవీ పాఠం ఒకవైపు మాటే. అడ్డు ప్రశ్న వేసే వీలు అధ్యయన కేంద్రంలో, మనిషి ఎదుట మనిషి కూచున్నపుడే.

ఆ తరగతులు ఎక్కువగా ఆదివారాలే. బెల్లంపల్లిలో పాత బాయిలు చాలావరకు మూతపడినా, మందమర్రి, శ్రీరాంపూర్ వైపు డ్యూటీకి పోయేవారు ఇంకా వున్నారు. ప్లే డే మస్టరు దొరికితే రెట్టింపు కూలి. ఇంటి ఖర్చున్నవాడు దాన్ని వదులుకుని తరగతికి రాడు. ఈ పేపరుకు వారం మధ్యలో సాయంత్రం ఒక తరగతి పెట్టాలి. మొదటి షిఫ్టు మూడింటికి దిగుతుంది. అయిదింటికి పెడితే స్నానం చేసి వచ్చే వ్యవధి వుంటుంది.