ట్యాంకర్ బోల్తా పడితే ముందు చేరేది మనమే

హైదరాబాద్ - విజయవాడ రోడ్డు పక్క ఊళ్ళలో అందరికీ ఒక అలవాటుంది. లారీ బోల్తా పడిందని కేక వినపడితే చాలు, పరుగెత్తుకెళ్తాం. కొందరు డ్రైవర్ని బయటికి లాగడానికి, కొందరు చూడడానికి, నిజం చెప్పుకోవాలంటే కొందరు బిందెలూ డబ్బాలూ పట్టుకుని. పడింది మామిడికాయల లారీ అయితే సరే. యాసిడ్ ట్యాంకర్ అయితే?

మిత్రులారా, నా అభిప్రాయం ఒక్కటే. విష రసాయనాలు ఒలికినప్పుడు ఏం చేయాలన్నది ఇంజనీర్లకు మాత్రమే కావలసిన చదువు కాదు. రోడ్డు పక్క బతికే ప్రతి ఒక్కరికీ కావాలి. అది మన హాస్టల్లోనే మొదలు కావాలి.

ఒకప్పుడు పరిటాల అంటే వజ్రాల గనులు. ఇప్పుడు మన ఊరి మీదుగా పోయే ట్యాంకర్ల మీద మరో రకం వజ్రం గుర్తు ఉంటుంది. మూల మీద నిలబెట్టిన చదరంలో పుర్రె బొమ్మ ఉంటే విషం. చేతి మీద చుక్కలు పడుతున్నట్టు ఉంటే ఒంటిని, ఇనుమును తినేసే రసాయనం. పక్కనే నాలుగంకెల సంఖ్య ఉంటుంది. 1830 అంటే సల్ఫ్యూరిక్ యాసిడ్, 1789 హైడ్రోక్లోరిక్ యాసిడ్, 1005 అమ్మోనియా, 1017 క్లోరిన్. ఇవి ట్యాంకర్ మీద రాసి ఉండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు చెబుతున్నాయి. రోజూ కళ్ళముందు పోయే ఈ అంకెలను చదవడం మనకెవరూ నేర్పలేదు. దూరం నుంచే ఆ సంఖ్య చూసి 112కో, 101కో ఫోన్ చేసి చెప్పగలిగితే, వచ్చే ఫైరింజన్ వాళ్ళు ఏ రసాయనంతో తలపడాలో ముందే తెలుసుకుని వస్తారు.

తెలియకపోతే ఏమవుతుందో విశాఖపట్నంలో చూశాం. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురం దగ్గర ఎల్జీ పాలిమర్స్ ట్యాంకులో వేడి పెరిగి స్టైరీన్ ఆవిరి బయటికి వచ్చింది. 12 మంది చనిపోయారు. వందల మంది ఆస్పత్రి పాలయ్యారు. ఫ్యాక్టరీలో సైరన్ ఉండి కూడా మోగించలేదని ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ తేల్చింది. నిద్రలోంచి లేచి పరుగెత్తినవాళ్ళు ఎటు పోవాలో తెలియక రోడ్ల మీదే కూలిపోయారు. స్టైరీన్ ఆవిరి గాలి కంటే మూడున్నర రెట్లు బరువు. అది నేలబారుగా పాకుతుంది, పల్లంలో నిలుస్తుంది.

తూర్పారబట్టే అమ్మకు గాలివాటం ఒకరు చెప్పనక్కర్లేదు. పొట్టు ఎగిరే వైపు ఆమె నిలబడదు. ఇక్కడా అదే సూత్రం. విషపు గాలి వచ్చే దారిలో ముందుకు పరుగెత్తకుండా, దానికి అడ్డంగా పక్కకు తప్పుకుని, వీలైతే మెరక మీదికి పోవాలి. ద్రవం ఒలికితే మొదట కనీసం 50 మీటర్లు, విషవాయువైతే 100 మీటర్లు ఎవరినీ దగ్గరికి రానీయకూడదు.

లోపల డ్రైవరు కేకలు వేస్తుంటే ఆగమనడం చాలా కష్టమైన మాట. కానీ ఏం ఒలికిందో తెలియకుండా దూకినవాడు రెండో బాధితుడవుతాడు, అతన్ని తేవడానికి వెళ్ళినవాడు మూడోవాడు. నడవగలిగితే డ్రైవర్నే గాలి వచ్చే వైపుకు పిలవాలి. యాసిడ్ తగిలితే తడిసిన బట్టలు తీసేసి, కనీసం 20 నిమిషాలు ధారగా నీళ్ళు పోయాలి. పసుపు, నూనె, సున్నం ఏదీ రాయకూడదు. నేల మీద ఒలికిన గాఢ యాసిడ్ మీద మాత్రం బక్కెట్టుతో నీళ్ళు కుమ్మరించకూడదు. అది ఉడికి ముఖం మీదికి చిమ్ముతుంది.

ఇది ప్రభుత్వం పని కదా అంటారు కొందరు. అవును, ప్రభుత్వం పనే. ప్రమాదకర రసాయనాలున్న ఫ్యాక్టరీ చుట్టుపక్కల వాళ్ళకు ముందే చెప్పాలనీ, ఫ్యాక్టరీ బయట కూడా ఏడాదికోసారి రిహార్సల్ జరగాలనీ 1989 నుంచే నిబంధనలున్నాయి. కానీ ఫ్యాక్టరీకి చుట్టూ ఉన్న నాలుగూళ్ళే పొరుగు, ట్యాంకర్‌కు దారి పొడుగునా ఉన్న ప్రతి ఊరూ పొరుగే. మరి మన ఊళ్ళకు రిహార్సల్ ఎవరు చేయిస్తారు? గన్నవరం దగ్గర కొండపావులూరులో ఎన్‌డీఆర్‌ఎఫ్ బెటాలియన్ ఉంది. మంచిదే. కానీ వాళ్ళు విజయవాడ దాటి ఇక్కడికి చేరేలోగా గడిచే సమయం మన చేతుల్లో ఉంటుంది. ఆ సమయంలో అక్కడ ఉండేది కూలి పనికి పోయే మన అమ్మానాన్నలు, ఆటో డ్రైవర్లు, టీ కొట్టువాళ్ళు, మనం.

అంతదూరం ఎందుకు, మన మరుగుదొడ్ల సంగతి చూడండి. యాసిడ్ పోసి, దాని మీద బ్లీచింగ్ పౌడర్ చల్లితే పుట్టేది క్లోరిన్, 1017 నంబరు ట్యాంకర్లో పోయేదే. ఆ గాలి ముందు పీల్చేది మన కమాటి. చేతులకు తొడుగులు, కాళ్ళకు బూట్లు ఇవ్వకుండా ఆ పని చేయించడం మనకు తగదు.

అందుకే మూడు పనులు జరగాలని కోరుతున్నాను. జూన్‌లో హాస్టల్ తెరిచిన మొదటి వారంలోనే దీని మీద గంటసేపు క్లాసు పెట్టాలి. భోజనాల హాల్లో గోడ మీద గుర్తులు, నంబర్లు, చేయవలసినవి పెద్దక్షరాలతో రాయించాలి. కమాటికి తొడుగులు, బూట్లు కొనాలి. వీటికి పెద్ద ఖర్చేమీ కాదు.

పూర్వ విద్యార్థుల్లో ఫార్మా కంపెనీల్లో, ఫైర్ సర్వీసులో, 108లో, ఆస్పత్రుల్లో పనిచేస్తున్న అన్నలూ అక్కలూ ఉన్నారు. వార్షికోత్సవానికి వచ్చి శాలువా కప్పించుకుని వెళ్ళడంతో సరిపెట్టకుండా, ఏడాదిలో ఒక్క ఆదివారం మా తమ్ముళ్ళకివ్వండి. మీరు నేర్పింది వాళ్ళు ఇంటికి తీసుకెళ్తారు, అమ్మకు చెబుతారు, ఊరికి చెబుతారు. చేతులు కాలాక ఆకులు పట్టుకునే పని మనకొద్దు.