అంగీల మీది అక్షరాలు మనమే రాద్దాం

ఆటల పోటీలకు మళ్లీ అంగీలు తెప్పిస్తున్నారు. వాటి మీద బొమ్మ, బడి పేరు దుకాణపాయన చూసుకుంటడులే అన్నారు వార్డెన్ సారు. సారు మీద గౌరవంతోనే చెప్తున్నా, నాకు ఈ మాట నచ్చలేదు. ఆ పని మనమే చేసి ఇయ్యాలె.

పోయినేడు ఏమైందో అందరికీ యాదికుంది. ఫోన్‌లో టైపు చేసి పంపిన 'ఆశ్రమ ఉన్నత పాఠశాల' అంగీల మీదికి వచ్చేసరికి 'ఆశ్‌రమ ఉన్‌నత పాఠశాల' అయింది. గ్రౌండ్‌లో వేరే బడి పిల్లలు గట్టిగా చదివి నవ్విన్రు. తండాలోళ్లకు తెలుగు రాదా అని ఒకడన్నడు. మనం పంపింది తప్పు కాదు. ఫోన్‌లో తెలుగు యూనికోడ్ పద్ధతిలో ఉంటుంది. డీటీపీ దుకాణాల్లో చాలాచోట్ల అను ఫాంట్లు వాడతారు, వాటి లెక్క వేరు. పాత సాఫ్ట్‌వేర్ యూనికోడ్ వత్తులను కలపలేక విడగొడుతుంది. ఒకసారి చదివి సరిచూసి, అక్షరాలను కర్వ్స్‌గా, అంటే గీతల బొమ్మలుగా మార్చేస్తే ఇక ఏ కంప్యూటర్‌లో తెరిచినా చెదరవు. దుకాణంలో ఆ పని ఎవరూ చేయలేదు.

నేననేది ఏందంటే, అసలు టైపే వద్దు. ఈ గోడ పత్రికకు హెడ్డింగులు రాసే చేతులు మనకున్నాయి. వాటితోనే ట్రేసింగ్ పేపరు మీద నల్ల ఇండియన్ ఇంకుతో రాద్దాం. చేత్తో రాసిన వత్తు ఎక్కడికి పోతది?

స్క్రీన్ ప్రింటింగుకు కావాల్సింది చిక్కటి నలుపే. చట్రానికి బిగించిన జాలిగుడ్డకు వెలుతురు తగిలితే గట్టిపడే మందు పూస్తారు. మన కాగితం దానికి ఆనించి లైటు వేస్తారు. నలుపు అడ్డమున్న చోట మందు గట్టిపడదు, నీళ్లు కొడితే కడుక్కుపోతుంది. ఆ సందుల్లోంచే రంగు అంగీ మీదికి దిగుతుంది. కాబట్టి పెన్సిలు గీతలు, బూడిదరంగు నీడలు పనికిరావు. మన స్టోర్ రూములో గోనె సంచుల మీద రేకు కోసి వేసిన అచ్చు చూడండి. రేకులో సున్న కోస్తే నడిమి ముక్క రాలిపోతుంది, అందుకే అక్కడక్కడ కొయ్యకుండా వదులుతారు. జాలిగుడ్డకు ఆ బాధ లేదు, నడిమి ముక్కను జాలే పట్టుకుంటుంది. మన గుండ్రటి తెలుగుకు ఇదే తగిన అచ్చు అనిపిస్తది నాకు. అయితే 'పాఠశాల'లో 'ఠ' ఉంది గదా, దాని లోపలి చుక్క చుట్టూ జాగా తక్కువైతే రంగు నిండి మొద్దు సున్న అయితది. పేరు పెద్దగా, విడివిడిగా రాయాలె.

కొందరు అన్నలు ఫోన్‌లోంచి తీసిన పులి బొమ్మ నాలుగు రంగుల్లో కావాలంటున్నారు. ఒక్కో రంగుకు ఒక్కో స్క్రీన్. 40 అంగీలకైనా 400 అంగీలకైనా స్క్రీన్ల ఖర్చు అంతే, మనవి తక్కువ కాబట్టి మనకే బరువు. ముదురు నీలం అంగీ అయితే రంగుల కింద ముందు తెల్ల పూత కూడా వేయాలె. పైగా 10 అంగుళాల వెడల్పుకు, అంగుళానికి 300 చుక్కల లెక్కన 3000 చుక్కలు కావాలి. చేతులు మారి మారి వచ్చిన ఆ పులికి అన్ని లేవు, అంచులు మెట్లు మెట్లుగా వస్తాయి. డీటీఎఫ్ అని రంగుల ఫిల్మును వేడితో అంటించే పద్ధతి వచ్చింది నిజమే, దానికి స్క్రీన్ అక్కర్లేదు. కానీ ఎండల ఉరికేటప్పుడు రొమ్ము మీద అంత అట్ట ఎవరికి హాయి?

పులికి బదులు మా అమ్మ కాంచళి మీది అద్దాల వరుస పెడితే ఎట్లుంటది? గుండ్రం, పలక, చుట్టూ లావు కుట్టు. ఒక్క రంగులోనే నిండుగా ఉంటుంది. ఎరుకల, కోయ మిత్రులు తమ ఇండ్ల నమూనాలు తెస్తే వాటినీ చూద్దాం.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, సార్లు ఎక్కడ వేయించినా సరే. కాగితం మాత్రం మనదే పోవాలె. తెలుగు సారుతో చదివించి, ఎన్ని అంగుళాల వెడల్పో దాని మీదే రాసి పంపాలె. ముందు ఒక పాత గుడ్డ మీద అచ్చు వేసి చూపించమని వార్డెన్ సారు దుకాణపాయనను అడగాలె. ఇంకు సీసా, ట్రేసింగ్ పేపరు ధర ఆదివారం కనుక్కొస్తానని 10వ తరగతి అన్న ఒకాయన ఒప్పుకున్నాడు.

– 9వ తరగతి విద్యార్థి