మాల్దీవుల హక్కు, మన పక్షం

1987 ఏప్రిల్‌లో మాల్దీవుల రాజధాని మాలేలోకి సముద్రం చొచ్చుకువచ్చింది. సుదూర దక్షిణ సముద్రంలో పుట్టిన భారీ అలలు తీరపు గోడలు దాటి వీధులను ముంచెత్తాయి. ఆ ఏడాది అక్టోబరులో అధ్యక్షుడు మౌమూన్ అబ్దుల్ గయ్యూమ్ ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభలో మాట్లాడారు. ముంచుకొస్తున్న ఈ ముప్పుకు కారకులం మేము కాము, మా ఒక్కరి ప్రయత్నంతో అది ఆగదు అన్నది ఆయన ప్రసంగ సారాంశం. వాతావరణ మార్పు అనే మాట అప్పటికి మన పత్రికలకు దాదాపు అపరిచితం.

సుమారు 1,200 దీవులున్న ఆ దేశంలో 80 శాతం భూభాగం సముద్రమట్టానికి మీటరు ఎత్తు కూడా లేదు. ప్రపంచ ఉద్గారాల లెక్కలో దాని వాటా కంటికి కనిపించదు. తగ్గించడానికి తన దగ్గర పెద్దగా ఏమీ లేని దేశం ఒప్పందాలపై సంతకాలు చేసి సాధించేదేమిటి? ఈ ప్రశ్నకు మాల్దీవుల ప్రభుత్వాలు మూడు దశాబ్దాలుగా చెబుతూ వస్తున్న జవాబు మనలాంటి వారు శ్రద్ధగా వినదగినది.

1989లో మాలే నగరంలోనే చిన్న దేశాల సమావేశం జరిగింది. మరుసటి ఏడాది చిన్న ద్వీప దేశాల కూటమి ఏర్పడింది. క్యోటో ఒప్పందాన్ని సంతకాలకు తెరిచిన తొలి రోజునే, 1998 మార్చి 16న, మాల్దీవులు సంతకం చేసింది. 2015లో పారిస్ చర్చలు జరిగినప్పుడు ఆ కూటమికి అధ్యక్షత వహించింది కూడా మాల్దీవులే. భూతాపం పెరుగుదలను 1.5 డిగ్రీలకు పరిమితం చేసే ప్రయత్నమన్న మాట పారిస్ ఒప్పందంలో చోటుచేసుకుందంటే ఆ ఘనతలో అధిక భాగం ఈ చిన్న దేశాల పట్టుదలదే.

అయితే నా దృష్టిలో అంతకంటే విలువైన పని 2007లో జరిగింది. అప్పటివరకూ చర్చలన్నీ టన్నుల భాషలో సాగేవి. ఎవరు ఎంత తగ్గించాలి, ఎవరికి ఎంత మినహాయింపు అన్నదే బేరం. 2007 నవంబరు నాటి మాలే ప్రకటన ఆ బేరాన్ని హక్కుల భాషలోకి మార్చింది. 2008 మార్చిలో ఐరాస మానవ హక్కుల మండలి, వాతావరణ మార్పు మానవ హక్కులకు ముప్పు అని తొలిసారి తీర్మానించింది. ఆ తీర్మానం వెనుక ఉన్నది మాల్దీవుల చొరవే. టన్నుల భాషలో చిన్నవాడు ఎప్పుడూ చిన్నవాడే. హక్కుల భాషలో తల ఒక్కింటికి ఒక్క హక్కు. లెక్క అక్కడ సమానమవుతుంది.

నేల పోవడమంటే ఏమిటో వారికి అనుభవమే. 2004 నాటి సునామీ వాతావరణ మార్పు వల్ల వచ్చింది కాదు, కానీ దాని తాకిడికి కందోలుదూ అనే దీవి నివాసయోగ్యం కాకుండా పోయింది. అక్కడి జనం దాదాపు నాలుగేళ్లు తాత్కాలిక ఆశ్రయాల్లో గడిపి ధువాఫరు అనే మరో దీవికి తరలారు. కొత్త ఇళ్లు కట్టించి ఇవ్వవచ్చు. తాతముత్తాతల సమాధులున్న కబ్రస్తాన్‌ను, తరతరాలుగా నమాజు చేసిన చోటును తరలించడం ఎవరి తరం?

ఇక మనకు ఇబ్బంది కలిగించే విషయానికి వద్దాం. 2018 డిసెంబరులో పోలండ్‌లోని కటోవిత్సెలో, 1.5 డిగ్రీలపై శాస్త్రవేత్తలు ఇచ్చిన నివేదికను ప్రపంచ దేశాలు స్వాగతించాలని మాల్దీవులు చిన్న దీవుల తరఫున కోరింది. కోరింది ఒక్క మాట మాత్రమే. ఆ మాటను అడ్డుకున్నవి నాలుగు దేశాలు: అమెరికా, రష్యా, సౌదీ అరేబియా, కువైట్. చివరికి నివేదిక సకాలంలో పూర్తయినందుకు మాత్రమే సంతోషం ప్రకటించారు! చమురు ప్రయోజనం ముందు ఉమ్మత్ అన్న బంధం ఎంత పలచబడుతుందో ఇంతకంటే స్పష్టంగా చూడలేము. ఆ రోజు మాల్దీవుల పక్కన నిలిచినవారిలో పసిఫిక్ దీవుల క్రైస్తవులు ఎందరో ఉన్నారు.

మన దేశం చేసింది ఏమిటి? 2021 నవంబరులో గ్లాస్గోలో బొగ్గు వినియోగాన్ని దశలవారీగా నిలిపివేయాలన్న వాక్యాన్ని చివరి గంటల్లో 'తగ్గించాలి' అని మార్పించినవారిలో భారత్ ముందు నిలిచింది. మన వాదనలో న్యాయం లేదనలేను. శతాబ్దాలపాటు బొగ్గు కాల్చి సంపన్నులైనవారు తమ చమురు, గ్యాసుల ఊసెత్తకుండా పేద దేశాల బొగ్గుపైనే వేలెత్తి చూపడం అన్యాయమే. కానీ 1.5కూ 2కూ మధ్య తేడా మాకు మరణశిక్ష అని మాల్దీవుల పర్యావరణ మంత్రి అమీనత్ షౌనా అదే సభలో చెప్పారు. పెద్దవాడిని న్యాయం అడిగేవాడు తనకంటే చిన్నవాడు అడిగినప్పుడు ముఖం తిప్పుకోకూడదు కదా. అంతకు నెల ముందే, ఆరోగ్యకరమైన పర్యావరణాన్ని మానవ హక్కుగా గుర్తించే తీర్మానం జెనీవాలో ఓటింగుకు వచ్చింది. ప్రతిపాదించిన దేశాల్లో మాల్దీవులు ఒకటి. 43 దేశాలు అనుకూలంగా ఓటు వేశాయి. భారత్, చైనా, జపాన్, రష్యా తటస్థంగా ఉండిపోయాయి. 2024లో మన సుప్రీంకోర్టు మాత్రం, వాతావరణ మార్పు దుష్ఫలితాల నుంచి రక్షణ పొందే హక్కు రాజ్యాంగంలోని 14, 21 అధికరణల్లోనే ఉందని గుర్తించింది. ప్రభుత్వం జెనీవాలో వెనుకాడిన చోట న్యాయస్థానం ఒక అడుగు ముందుకు వేసింది.

మాల్దీవులను ఆదర్శ రాజ్యంగా చూపడం నా ఉద్దేశం కాదు. ముస్లిమేతరుడు పౌరుడు కాలేడని రాసుకున్న ఆ దేశ రాజ్యాంగం, మైనారిటీ హక్కుల కోసం గొంతెత్తే మనకు మింగుడుపడేది కాదు. వాతావరణ విషయంలోనూ వైరుధ్యాలున్నాయి. అంతర్జాతీయ సభల్లో పగడపు దిబ్బల కోసం వేడుకునే ప్రభుత్వాలే గుల్హిఫల్హులోనూ అడ్డూలోనూ ఇసుక తవ్వి సముద్రాన్ని పూడ్పించాయి. అలల ఉధృతిని విరిచే సహజమైన గోడ ఆ దిబ్బలే. చేపల వేటపై బతికే చిన్న దీవుల వాసులు ఆ పనుల గురించి తమను సరిగా సంప్రదించలేదని ఫిర్యాదు చేశారు. తమ మాట వినమని ప్రపంచాన్ని అడిగే హక్కు మాలేకు ఎంత ఉందో, తమ మాట వినమని మాలేను అడిగే హక్కు అడ్డూ జాలరికీ అంతే ఉంది.