తాళాలగుత్తి ఎవరి బొడ్లో?

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని సామెత పుట్టించినవాళ్ళు కంప్యూటర్ని ఎరగరు. ఒకే పెట్టెలో విండోసూ, లినక్సూ అనే రెండు ఆపరేటింగ్ సిస్టంలు హాయిగా ఇమిడిపోతాయి. మీట నొక్కగానే ఏది కావాలో ఎంచుకోమని తెరమీద ఒక పట్టీ వస్తుంది. పిల్లవాడి పరీక్షకో, ఆయనగారి ఆఫీసు పనికో విండోసు. మన ఉత్తరాలకీ, పద్దులకీ, పాటలకీ లినక్సు. డ్యూయల్ బూట్ అంటారు దీన్ని. తోడికోడళ్ళిద్దరు ఒకే వంటింట్లో వంతులవారీగా వండుకోవడం లాంటిదన్నమాట. చిక్కల్లా ఏమిటంటే, పెద్దకోడలికి అప్పుడప్పుడూ ఇల్లు సర్దాలని బుద్ధి పుడుతుంది. దానికి అప్‌డేట్ అని పేరు. ఆవిడ సర్దడం అయ్యాక చూస్తే చిన్నకోడలి గదికి తాళం పడి ఉంటుంది.

"రెండూ పెట్టుకోమని ఎవరేడ్చారు? ఒకటి చాలదూ?" అంటారు మావారు. ఆయన ఒక్కరే కాదు, ఈ మాట అనని మగమహారాజు లేడు. అందరికీ కలిపి ఇక్కడే జవాబు చెప్పేస్తాను.

మైక్రోసాఫ్ట్ వారు 2015లో ఇచ్చిన విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మామూలు సంరక్షణ ఆపేశారు. విండోస్ 11కి మారమన్నారు. మారాలంటే యంత్రంలో టి.పి.ఎం. 2.0 అనే భద్రతా ఏర్పాటూ, వారి జాబితాలో చోటున్న ప్రాసెసరూ ఉండాలిట. నిక్షేపంలాంటి యంత్రాలెన్నో ఆ పరీక్ష తప్పాయి. ఉప్పులోనూ పప్పులోనూ మిగిల్చిన డబ్బుతో 2016లో కొనుక్కున్న లాప్‌టాప్‌ని, ఒక్క సొట్టయినా పడకుండానే పాతసామాన్లవాడికి వేసెయ్యాలా? లినక్సుకి పైసా కట్టక్కర్లేదు. పాత యంత్రం మీద కూడా నడుస్తుంది. కేరళలో ప్రభుత్వ బడిపిల్లలు ఏళ్ళ తరబడి దానిమీదే నేర్చుకుంటున్నారు. మన హైదరాబాదులో స్వేచ్ఛ అనే సంస్థవారు తెలుగులో పనిచేసే లినక్సునే తయారుచేశారు. కానీ ఆఫీసువాళ్ళ సాఫ్ట్‌వేర్లు కొన్ని విండోసు మీద తప్ప కదలవు. అందుకని రెండూ ఉంచుకుంటాం. ఇది విలాసం కాదు మహాప్రభో, సంసారం!

ఇక తాళం సంగతి. కంప్యూటర్లో మీట నొక్కగానే ముందు లేచేది విండోసూ కాదు, లినక్సూ కాదు. మదర్‌బోర్డులో యు.ఇ.ఎఫ్.ఐ. అని ఒక కాపలావాడున్నాడు. సెక్యూర్ బూట్ అనే నియమం పెట్టి ఉంటే, వాడు వచ్చినవాళ్ళ చీటీమీద సంతకం సరిచూసి మరీ లోపలికి వదులుతాడు. బజార్లో మామూలుగా దొరికే యంత్రాల్లో వాడు గుర్తుపట్టే సంతకం మైక్రోసాఫ్ట్ వారిది. అంచేత పేరున్న లినక్సు తయారీదార్లు షిమ్ అనే బుల్లి ప్రోగ్రాంమీద ఆ కంపెనీచేతే సంతకం చేయించుకుని, దాన్ని ముందు నడిపించి, వెనకాల తాము వస్తారు. విన్నారుగా? ఇల్లు మనది. కొన్నది మనం, కరెంటు బిల్లు కట్టేది మనం. ఈ లెక్కన మనం అత్తగార్లం. తాళాలగుత్తి మాత్రం పెద్దకోడలి బొడ్లో!

సరే, గుత్తి ఎవరి దగ్గరుంటేనేం, ఇల్లు జాగ్రత్తగా ఉంటే చాలని సరిపెట్టుకుందాం. 2024 ఆగస్టు 13న ఏం జరిగిందో వినండి. లినక్సువారి పట్టీ చూపించే గ్రబ్ అనే ప్రోగ్రాంలో ఒక లోపం ఉన్నట్టు 2022లోనే బయటపడింది. దాన్లోంచి దొంగ దూరే వీలుందన్నదీ నిజమే. ఆ కంత పూడ్చాలనుకోవడం తప్పని నేననను. పాత గ్రబ్బులనీ, పాత షిమ్ములనీ సకాలంలో మార్చని లినక్సువారికీ అందులో వాటా ఉంది. కానీ మైక్రోసాఫ్ట్ వారు ఎంచుకున్న మార్గం చూడండి. ఫలానా తరం కంటే పాతవాళ్ళని గడప తొక్కనివ్వద్దని, నెలవారీ అప్‌డేట్‌తోపాటు నేరుగా కాపలావాడి పుస్తకంలో రాసేశారు. ఆ రాతకి ఎస్‌బాట్ అని పేరు. రెండు సిస్టంలున్న ఇళ్ళ జోలికి అది పోదని ముందుగా హామీ కూడా ఇచ్చారు. తీరా చూస్తే కొన్ని ఇళ్ళలో రెండో కాపరం ఉన్న సంగతి ఆ అప్‌డేట్ కనిపెట్టలేకపోయింది. ఎంత విడ్డూరమో చూడండి! మనకి చెప్పకుండా మనింటి బీరువాల దాకా వెళ్ళగలిగిన మనిషికి, పక్కగదిలో మనుషులున్నారో లేరో మాత్రం తెలియలేదు.

మర్నాడు లినక్సు ఎంచుకున్నవాళ్ళకి దక్కింది నల్లటి తెరమీద ఒక ఇంగ్లీషు వాక్యం. ఏదో ఘోరమైన పొరపాటు జరిగిపోయిందని దాని అర్థం. ఆ ముక్క చెప్పి యంత్రం ఆరిపోయింది. ఏమి జరిగిందో, ఎవరు చేశారో, ఎవర్నడగాలో మనకి అర్థమయ్యేలా ఒక్క మాటయినా లేదు. 2013లో మన దేశంలో టెలిగ్రాములు ఆపేశారుగానీ, మాటకి పైసలు లెక్కకట్టే ఆ టెలిగ్రాము కూడా ఎవరికి బాగులేదో, ఎప్పుడు బయల్దేరాలో చెప్పేది. కొందరు పెన్‌డ్రైవులో ఉన్న లినక్సుతో యంత్రాన్ని లేపుదామని చూశారు. పాతదైతే దాన్నీ రానివ్వలేదు. రాత ఉన్నది డిస్కులో కాదుగా, కాపలావాడి పుస్తకంలో!

ఆ తర్వాతి నెల అప్‌డేట్‌లో ఆ రాత వెయ్యడం మానుకున్నారు. పడినచోట్ల దాన్ని సరిచేసే అప్‌డేట్ మాత్రం 2025 మే నెలలోగాని రాలేదు. ఆగస్టు నుంచి మే దాకా, సరిగ్గా తొమ్మిది నెలలు. ఆ లెక్క మనకొకరు చెప్పాలా?

ఇంతా చేసి, విరుగుడు తెలిసినవాళ్ళకి పావుగంట పని. సెక్యూర్ బూట్‌ని కాసేపు ఆపి, లినక్సులోకి వెళ్ళి, మోక్‌యుటిల్ అనే పనిముట్టుతో ఆ ఎస్‌బాట్ రాత చెరిపెయ్యమని ఒక్క వరస టైపుచేసి, యంత్రాన్ని మళ్ళీ లేపి, తర్వాత సెక్యూర్ బూట్‌ని ఎప్పటిలా పెట్టుకోవడమే. లినక్సుని కూడా అప్‌డేట్ చేసుకుంటే మళ్ళీ ఆ బెడద ఉండదు.

నా అసలు కోపం ఈ పావుగంట మీద కాదు. అది తెలియని ఇళ్ళలో జరిగేదాని మీద.

రిపేరు షాపుకి తీసుకెళ్తాం. కుర్రాడు రెండుసార్లు మీట నొక్కి, పెదవి విరిచి, "ఫార్మాట్ కొట్టేద్దాం మేడం, కొత్తదాన్లా అయిపోతుంది" అంటాడు. కొట్టేద్దామంటే ఏమిటో మీకు తెలుసునా? గది తాళం పడిందని, గదిలో సామానంతా తీసికెళ్ళి ఊరవతల పోసి రావడం. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకునేవాణ్ణి చూసి నవ్వుతాం. ఇక్కడ ఎలుకలు కూడా లేవు, తలుపు బిగుసుకుందంతే! మా పిన్నికూతురు వాళ్ళ నాయనమ్మగారి చేత మంగళహారతులన్నీ పాడించి లాప్‌టాప్‌లో దాచుకుంది. ఆవిడ పోయి నాలుగేళ్ళయింది. కిందటేడు ఒక అప్‌డేట్ తర్వాత యంత్రం మొరాయిస్తే ఊళ్ళో ఒక షాపుకి పంపారు. సాయంత్రానికి తుడిచిన పళ్ళెంలా తిరిగొచ్చింది. ఎనిమిది వందలు పుచ్చుకున్నారు కూడా. షాపు మెట్లెక్కిన క్షణందాకా ఆవిడ గొంతు ఆ డిస్కులో చెక్కుచెదరకుండా ఉండే ఉంటుంది. దాన్ని తీసేసింది అప్‌డేట్ కాదు, "కొట్టేద్దాం" అన్న మాట.

నిజానికి అప్‌డేట్ తర్వాత లినక్సు మాయమైన ప్రతిసారీ ఇంత పురాణం ఉండనే ఉండదు. చాలాసార్లు విండోసు తన పేరు వరసలో ముందుకి జరుపుకుంటుంది, అంతే. యంత్రం లేచేటప్పుడు ఎఫ్12 మీటో, ఇంకోటో, ఆ కంపెనీ ఏది పెడితే అది నొక్కితే వరస కనిపిస్తుంది. అక్కడ లినక్సు పేరుంటే నొక్కి చూడండి, సగం రోగాలు కుదురుతాయి. ఒక్కోసారి విండోసులో గడియారం అయిదున్నర గంటలు వెనక్కి పోతుంది. పొద్దున్న తొమ్మిదికి తెల్లవారుజాము మూడున్నర చూపిస్తే బ్యాటరీ పోయిందని మార్చబోతారు. ఆగండి. లోపలి గడియారాన్ని విండోసు మన ఊరి వేళకి చదువుతుంది, లినక్సు అంతర్జాతీయ కాలానికి పెడుతుంది. ఆ తేడాయే ఇది. లినక్సుని మన ఊరి వేళకి పెట్టమంటే తగాదా తీరిపోతుంది.

ఒక్క దగ్గర మాత్రం భయం ఉండాలి. విండోసులో బిట్‌లాకర్ అనే తాళం వేసి ఉంటే, సెక్యూర్ బూట్‌ని కదిపితే అది 48 అంకెల సంఖ్య అడగవచ్చు. కొత్త యంత్రాల్లో ఆ తాళం మనకి తెలియకుండానే పడి ఉంటోంది. ఆ అంకెలు మన మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉన్నాయేమో ముందే వెతికి, కాగితం మీద రాసి, బంగారం రసీదులు దాచేచోట దాచండి. దేన్నీ కదపకముందు ఫోటోలూ, పద్దులూ వేరే డిస్కులోకి ఎక్కించమనండి. యంత్రం లేవకపోయినా, తెలిసినవాళ్ళు పెన్‌డ్రైవు సిస్టంతో లేపి వాటిని బయటికి తీయగలరు.

"అంతా మీ భద్రత కోసమే" అంటారు కంపెనీలవారు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినవాడికి చెప్పండి ఆ మాట! గ్యాసుబండ తెచ్చే కుర్రాడు కూడా గుమ్మంలో నిలబడి పిలుస్తాడు. మనం సరేనన్నాకే లోపలికి వస్తాడు. వాడికున్న మర్యాద లక్షల కోట్ల కంపెనీకి ఉండక్కర్లేదా? కాపలావాడి పుస్తకంలో చెయ్యి పెట్టేముందు, ఈ ఇంట్లో ఇంకెవరైనా ఉన్నారా అని తెరమీద అడగాలి. మనకి అర్థమయ్యే తెలుగులో అడగాలి. ఇలా చేస్తే ఇలా కావచ్చు, అయితే ఇలా వెనక్కి తిప్పుకోవచ్చు అని చెప్పాలి. ఒప్పుకున్నాకే చెయ్యాలి. మనం కాళ్ళావేళ్ళా పడుతున్నామా ఏమిటి? డబ్బిచ్చి కొనుక్కున్నాం.

వాళ్ళకి ఆ బుద్ధి పుట్టేలోగా షాపు కుర్రాడు ఫార్మాట్ అన్నాడనుకోండి. "అందులో ఉన్నవన్నీ ముందు నాకు వేరే డిస్కులో ఎక్కించి, నా కళ్ళముందు తెరిచి చూపించు నాయనా, తర్వాత మాట్లాడదాం" అనండి. నసిగాడా, ఛార్జరు కూడా మరిచిపోకుండా లాప్‌టాప్ సంచీలో పెట్టుకుని మెట్లు దిగండి. ఆ వీధిలోనే ఇంకో షాపు ఉంటుంది.