దయను చిన్నచూపు చూడొద్దు



అపరిచితుల మంచితనం గురించిన కథలు, వలస కార్మికుణ్ణి యజమానికి కట్టిపడేసే కఫాలా పద్ధతిలోని అన్యాయాన్ని కప్పిపుచ్చుతాయని గత సంచికలోని గల్ఫ్ వలసల వ్యాసం తేల్చింది. ఆ భయం సబబే గానీ, తీర్పు సబబు కాదు. 2016లో సౌదీలో ఉద్యోగాలు పోయి, నెలల తరబడి జీతాలందక వేలాది భారతీయ కార్మికులు పస్తులున్నారు. జూలై చివర విదేశాంగ మంత్రి సుష్మా స్వరాజ్ అక్కడి 30 లక్షల మంది భారతీయులను సాయం కోరారు. జెద్దా కాన్సులేట్‌తో కలిసి ప్రవాసులు 15 వేల కిలోలకు పైగా ఆహారం పంచారు. మరణశిక్ష పడి రియాద్ జైల్లో ఉన్న కోళికోడ్ వాసిని కాపాడేందుకు, బాధిత కుటుంబానికిచ్చే పరిహారంగా 2024లో సుమారు 34 కోట్ల రూపాయలు పోగయ్యాయి. ఇచ్చినవాళ్లలో అత్యధికులు అతని ముఖమైనా చూడనివాళ్లు.

దయ దొరుకుతుంటే హక్కులను ఎవరడుగుతారని కొందరి వాదన. కానీ ఆకలిగొన్నవాడు చట్టం మారేదాకా ఆగలేడు. పైగా, సాయం అవసరమైన ప్రతిచోటా చట్టంలోని లోటే బయటపడుతుంది. సౌదీలో 2021 మార్చిలో వచ్చిన సంస్కరణలు యజమాని అనుమతి లేకుండా ఉద్యోగం మారే వీలు కల్పించినా, ఇంటి పనివారికి, ఇళ్లలో పనిచేసే డ్రైవర్లకు, గొర్రెల కాపరులకు వర్తించలేదు. మన తెలుగువాళ్లు ఎందరో చేసేది ఆ పనులే. దయ హక్కుకు బదులు కాదు, హక్కు వచ్చేదాకా ప్రాణం నిలిపే ఆసరా. కాబట్టి ఆ కథలు వేయండి. పక్కనే ఆ లోటునూ రాయండి.

— ఒక పాఠకుడు