పండక్కి చేర్చేవారికి పండగేదీ?

భోగికి ముందు రాత్రి హైదరాబాద్ మహాత్మా గాంధీ బస్ స్టేషన్‌కు వెళ్లి చూస్తే తెలుస్తుంది, సంక్రాంతి ఎవరి రెక్కల కష్టం మీద నడుస్తోందో. పంతంగి టోల్‌ప్లాజా దగ్గర బారులు తీరిన వాహనాల మధ్య అంగుళం అంగుళం బస్సును కదిలించి, విజయవాడలో జనాన్ని దింపి, ఓ టీ తాగి వెనక్కి తిరిగే డ్రైవర్‌కు సొంతింటి ముగ్గు చూసే యోగం లేదు. కనుమ నాడు ఎద్దుల కొమ్ములకు రంగులు పూసి మొక్కే మనమే కండక్టర్‌తో చిల్లర కోసం తగువుకు దిగుతాం! ప్రయాణికులు నాలుగు అరిసెలు చేతిలో పెడితే సంతోషమే. అసలు బాకీ మాత్రం యాజమాన్యాలదే. స్పెషల్ బస్సుల పేరిట అదనపు చార్జీ వసూలు చేసినప్పుడు, అందులో కొంత సిబ్బందికి పండగ భత్యంగా ఎందుకివ్వకూడదు? డిపోల్లో వేడి భోజనం, కునుకు తీయడానికి శుభ్రమైన గది, రద్దీ తగ్గాక వరుసగా రెండు రోజుల సెలవు ఈ సంక్రాంతి నుంచే మొదలుపెట్టాలి.