కొక్కు తల కొలిచి చూద్దాం

పందికొక్కు మాట మనది. తెల్లదొరల నోట అది 'బాండికూట్' అయింది. 1873లో గ్రే అనే శాస్త్రవేత్త 'బాండికోటా' అని ఆ ప్రజాతికే పేరు పెట్టాడు. ఆస్ట్రేలియాలో పొట్టసంచిలో పిల్లల్ని మోసే వేరే జంతువుకూ మన మాటే అంటుకుంది.

ఇంత పేరిచ్చిన జంతువు గురించి బంటుమిల్లి చేల గట్ల మీద మనం వేసే లెక్క ఒక్కటే: రాత్రి ఎలుక బుట్టల్లో ఎన్ని పడ్డాయని. వరి పొట్ట మీదున్నప్పుడు పిలకల్ని ఏటవాలుగా కొరికేదీ, వెన్నుల్ని బొరియలో దాచుకునేదీ చిన్న పందికొక్కు. అదే చేలో మెత్తటి బొచ్చు ఎలుకా, చిట్టెలుకా తిరుగుతాయి. కొక్కు పిల్లను పట్టుకుని వేరే ఎలుక అనుకోవడం తేలిక. పుర్రె చేతిలో ఉంటే ఆ తికమక ఉండదు. పళ్ల తీరు జాతిని చెబుతుంది, పళ్ల అరుగుదల వయసు చెబుతుంది. వయసు తెలియకుండా పుర్రె పొడవు కొలిచి లాభం లేదు.

వయసే కాదు, చోటు కూడా పరిమాణాన్ని మారుస్తుంది. దగ్గరి జాతుల్లో చలి ప్రాంతాల జంతువులు పెద్దవిగా ఉంటాయని 1847లో బెర్గ్‌మన్ అన్నాడు. దీవుల్లో చిన్న జంతువులు పెరుగుతాయని 1964లో ఫాస్టర్ అన్నాడు. ఎలుకల విషయంలో తిండి కూడా గట్టిగానే పనిచేస్తుంది. మరి గుడివాడ నల్లరేగడిలో రెండు పంటల వరి తిన్న కొక్కూ, కృష్ణా పాయల మధ్య దివిసీమ ఉప్పునేలలో బతికిన కొక్కూ ఒకే తలతో ఉంటాయా? మన బంటుమిల్లిలో వరిచేలు చేపల చెరువులుగా మారాక గట్ల మీది కొక్కు సంగతేమిటి? నాకు ఇది పెద్ద ప్రశ్న, జవాబు పుర్రెలు దాచి కొలిస్తేనే దొరుకుతుంది. 1911లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ దేశమంతటా మొదలుపెట్టిన క్షీరదాల సర్వేలో చర్మంతోపాటు పుర్రెనూ దాచారు, దొరికిన చోటు చీటీ మీద రాశారు. అందుకే వాటిని ఇవాళ్టికీ కొలవగలుగుతున్నారు.

కొత్తగా ఒక్క ప్రాణాన్నీ తీయనక్కర్లేదు. దాళ్వా పంటలో బుట్టల్లో పడ్డవాటిని పారేసేముందు తలలు దాచండి. గుడ్లగూబ కక్కిన ఉండల్లోనూ చిన్న పుర్రెలు దొరుకుతాయి. చేతికి తొడుగు లేకుండా మాత్రం ముట్టుకోవద్దు, ఎలుకల వల్ల లెప్టోస్పైరోసిస్ వస్తుంది. బందరు, గుడివాడ కాలేజీల జంతుశాస్త్రం మాస్టార్లకు నా విన్నపం: ఒక వెర్నియర్ కాలిపర్, ఒక చెక్కపెట్టె చాలు, ఈ ఏడే మొదలుపెట్టండి. ప్రతి పుర్రెకూ ఊరు, తేదీ, చేనో చెరువుగట్టో రాసిన చీటీ కట్టండి.